ఎండవానలలో తపాలా బంట్రోతు

మన యింటికి ఒక జాబు వచ్చినపుడు దానిని వ్రాసినవారిని తలచుకొందుము. తెచ్చినవానిని తలచుకొనుట అరుదు. వ్రాసినవాడు నీడపట్టున కూర్చుండి వ్రాసెను. చదువువాడును నీడపట్టుననే కూర్చుండి చదువును. ఈ యిరువురి నడుమనున్న ఎండయు, వానయు, బురదయు తపాలా బంట్రోతు పాలికి వచ్చినవి. అతడు ఎంత ఎండలో తిరుగవలెను? ఎంత వానలో నడువవలెను? ప్రాణాపాయము కలిగించు వాతావరణమునందును సంచి భుజమున వేసికొని బయలుదేరవలసినదేనా? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును. కాని దీనియందు కర్తవ్యము, ప్రాణము అను రెండు గొప్ప విషయములు ఎదురుపడుచున్నవి.

అమెరికా దేశమునందు ఈ ప్రశ్న వచ్చినపుడెల్ల జనులు ఒక భవనమును చూపుదురు. న్యూయార్కు నగరమున 1914లో ఒక పెద్ద పోస్టాఫీసు తెరువబడెను. దాని స్తంభముల పైభాగమున రాతిమీద ఒక వాక్యము చెక్కబడియున్నది. ఏ వాతావరణమును, ఏ వేళయు వార్తాహరుని పనిని ఆపజాలవని దాని భావము. అది అమెరికా తపాలా శాఖవారి అధికార నినాదమని చాలమంది నమ్ముదురు. అది నిజము కాదు. ఆ శాఖకు అట్టి నినాదమే లేదు. ఆ భవనమును రూపొందించిన వాస్తుశిల్పి విలియం మిచెల్ కెండాల్ ఒక ప్రాచీన గ్రీకు గ్రంథమునుండి ఆ వాక్యమును ఏరి అచ్చట చెక్కించెను.

ఆ గ్రంథకర్త హెరొడోటస్. క్రీస్తుపూర్వము అయిదవ శతాబ్దికి చెందిన చరిత్రకారుడు. క్రీ.పూ. 480లో సలామిస్ నౌకాయుద్ధమున ఓడిపోయిన పారశీక చక్రవర్తి జెర్‌క్సీజ్ ఆ వార్తను స్వదేశమునకు పంపెను. ఆ సందర్భముననే హెరొడోటస్ పారశీకుల తపాలాను వర్ణించెను. ప్రయాణము ఎన్ని దినములదో అన్ని గుఱ్ఱములును, అందఱు రౌతులును దారిపొడవున నిలుపబడియుండెడివారు. ఒక్కొక్కనికి ఒక్కొక్క దినపు దూరము మాత్రమే పని. అది ముగియగానే అతడు వార్తను రెండవవానికి అప్పగించి విశ్రమించును. అలసిన గుఱ్ఱము ఆగును. అలసిన మనిషి ఆగును. వార్త మాత్రము సాగిపోవును. జనులు రాతిమీది వాక్యమును జ్ఞాపకముంచుకొనిరి గాని, దాని వెనుకనున్న ఈ యేర్పాటును మఱచిపోయిరి.

మన దేశమునందలి ప్రాచీన తపాలా కూడ ఇట్టిదే. 14వ శతాబ్దిలో, మహమ్మదు బిన్ తుగ్లకు ఏలుబడిలో, మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఇచ్చటికి వచ్చెను. ఇచ్చటి కాలినడక తపాలాను చూచి అతడు అబ్బురపడెను. మైలునకు మూడేసి అంచెలు. అంచెయంచెకును నడుము బిగించి సిద్ధముగానున్న మనుష్యులు. వార్తాహరుడు ఒక చేత జాబును, రెండవ చేత గంటలు కట్టిన కఱ్ఱను పట్టుకొని పరుగెత్తును. ఆ మ్రోత దూరమునుండి వినబడగనే తరువాతి అంచెలోనివాడు లేచి నిలుచును. జాబు చేతికి అందీ అందకమునుపే పరుగు మొదలిడును. గుఱ్ఱపు తపాలాకంటె ఇదియే వేగముగా పోవుచుండెనని ఇబ్న్ బతూతా వ్రాసెను. ఒక్కొక్కడు పరుగెత్తునది మైలులో మూడవవంతు మాత్రమే. మొత్తము తపాలాయో, వందలకొలది మైళ్లు పోవును.

1854 అక్టోబరు 1వ తేదీనుండి దేశమంతటికిని ఒకే విధమైన తపాలా పద్ధతి అమలులోనికి వచ్చెను. దూరముతో నిమిత్తము లేక, తేలికపాటి జాబునకు అర్ధణా చాలునని నిర్ణయించిరి. రైళ్లు లేని త్రోవలలో సంచులను మోసినవాడు రన్నరే. చేతిలో ఈటె, దానికి గంటలు, రాత్రివేళ కాగడా: ఇవియే అతని పరికరములు. పులుల వాతబడిన రన్నర్లు కలరు. పొంగిన యేరులలో కొట్టుకొనిపోయినవారును కలరు. అంచెల యేర్పాటు అలసటను పంచిపెట్టగలిగెను గాని, అపాయమును పూర్తిగా తొలగింపలేకపోయెను.

అంచెయే లేనిచోట ఒంటరి మనుష్యుని గతి ఏమగునో తెలిసికొనుటకు అమెరికాలోని ఒక వృత్తాంతము చాలును. కాలిఫోర్నియా తూర్పు భాగమున సియెర్రా నెవడా అను పర్వతపంక్తి యున్నది. శీతకాలమున అచ్చట మంచు ఇండ్ల కప్పులకంటె ఎత్తుగా పేరుకొనును. 1850 దశకమున ఆ పర్వతములకు ఆవలనున్న జనులకు చలికాలమంతయు జాబులు అందెడివి కావు. నార్వే దేశమున జన్మించి, బాల్యముననే అమెరికాకు వచ్చిన జాన్ థామ్సన్ అనునతడు ఆ పనికి ముందుకు వచ్చెను. మంచుమీద జారిపోవుటకు ఉపయోగించు స్కీలు అను పొడవైన కొయ్యపలకలను స్వయముగా చేసికొని, అవి కాళ్లకు కట్టుకొని, 1856 మొదలు ఇరువది చలికాలములు అతడు తపాలాను మోసెను. ప్లేసర్‌విల్ నుండి జెనోవా వరకు సుమారు 90 మైళ్లు. పోవుటకు మూడు దినములు, మరలి వచ్చుటకు రెండు దినములు పట్టెడిది. బరువగునని అతడు కంబళి కూడ తీసికొనిపోయెడివాడు కాడు. ఒకసారి కొండలలోని కుటీరమున ఒక మనిషి పాదములు గడ్డకట్టి పడియుండుట చూచి, క్రిందికి దిగి సహాయమును పిలుచుకొని వచ్చి అతనిని ఊరు చేర్చెను. కాళ్లు తీసివేయుటకు మత్తుమందు కావలెనని వైద్యుడు చెప్పగా, మరల పర్వతములు దాటిపోయి దానిని తెచ్చెను.

ఇట్టి మహాసాహసికి దక్కినదేమి? జనుల మెప్పు దక్కెను. తగిన జీతము మాత్రము దక్కలేదు. రాజధానియైన వాషింగ్టనుకు పోయి విన్నవించుకొనినను ప్రయోజనము లేకపోయెను. 1876లో అతడు మరణించెను. అతని ధైర్యము మెచ్చదగినదే. కాని ఆ ధైర్యము ప్రభుత్వమునకు ఒక సాకైనది. ఒక్కడు చేయుచుండగా ఇద్దఱిని నియమింపనేల, దారిలో ఆశ్రయములు కట్టింపనేల అని ఊరకుండుటకు అది అవకాశమిచ్చినది. ఒకని సాహసమును పొగడుచు అతనికి కావలసిన రక్షణమును మఱచుట లోకమున తఱచుగా జరుగుచుండును.

ఇక వాతావరణము దేహమును ఎట్లు బాధించునో చూతము. చలిలో దేహము తన వేడిని గుండె మొదలగు ముఖ్యావయవములకై దాచుకొని, చేతి వ్రేళ్లకును, కాలి వ్రేళ్లకును నెత్తురును తగ్గించును. గాలి వీచినకొలది వేడి మఱింత త్వరగా తొలగిపోవును. 2019 జనవరి 30వ తేదీన చికాగో నగరమున చలి సున్నకు దిగువ 30 సెల్సియస్ డిగ్రీలకు చేరెను. అట్టి చలిలో గాలి కూడ తోడైనచో, బట్ట కప్పని చర్మము కొలది నిమిషములలోనే గడ్డకట్టును. ఆ దినమున అమెరికా తపాలా శాఖవారు పలు రాష్ట్రములలో ఇంటింటి పంపకమును ఆపివేసిరి. రాతిమీది వాక్యము రాతిమీదనే యుండెను. బంట్రోతులు ఇండ్లలో క్షేమముగా నుండిరి. చలి తగ్గగనే పంపకము మరల మొదలయ్యెను.

ఎండ సంగతి వేఱు. చెమట ఆరునపుడు దేహము చల్లబడును. గాలిలో తేమ హెచ్చుగానున్నచో చెమట ఆరదు. లోని వేడి లోననే నిలుచును. దేహోష్ణము 40 డిగ్రీలు దాటినచో తెలివి తప్పును, ప్రాణమునకే ముప్పు వచ్చును. దీనినే వడదెబ్బ యందుము. చలి మొదటనే భయపెట్టి మనలను ఇంటిలోనికి తఱుమును. ఎండ మెల్లమెల్లగా లోబఱచుకొనును. ఇంకొక నాలుగు ఇండ్లే గదా అనుకొనుచుండగనే మనిషి కూలిపోవును. అమెరికాలో 1987 మొదలు 1994 వరకు తయారైన తపాలా బండ్లకు చల్లదనము కలిగించు యంత్రములు లేవు. 2018 జూలైలో, ఎండ 47 డిగ్రీలకు చేరిన దినమున, కాలిఫోర్నియాలో ఒక తపాలా ఉద్యోగిని అట్టి బండిలోనే వడదెబ్బచేత మరణించెను. చల్లబఱచు యంత్రములుగల క్రొత్త బండ్లు అచ్చట క్రమముగా వాడుకలోనికి రాసాగినవి.

పని ఆపరాదనువారి వాదమును కూడ మనము శ్రద్ధతో వినవలెను. తపాలాకు విలువ నమ్మకము వలన వచ్చినది. చినుకు పడినంతనే ఆగిపోవు తపాలాను ఎవరు నమ్ముదురు? సంచిలో నున్నవి కుశలవార్తలు మాత్రమే కావు. అమెరికాలో మాజీ సైనికుల మందులు చాలవఱకు తపాలాలోనే పోవుచున్నవి. మన పల్లెలలో వృద్ధులకు పింఛను సొమ్ము తపాలావారి ద్వారా అందుచున్న చోట్లు కలవు. బంట్రోతు ఒకదినము రాకున్నచో ఒక ముసలమ్మకు ఆ దినము మందు లేకపోవచ్చును. వైద్యులును, అగ్నిమాపక దళమువారును అపాయమునకు వెనుదీయరు గదా, తపాలావారు మాత్రము ఏల వెనుదీయవలెనని వీరు అడుగుదురు.

ఈ ప్రశ్నకు సమాధానము కష్టమునకును, అపాయమునకును గల భేదమును గుర్తించుటలో నున్నది. వానలో తడియుట కష్టము. పొంగిన వాగులో దిగుట అపాయము. ఎండలో నడచుట కష్టము. వడగాడ్పులో మిట్టమధ్యాహ్నము బరువుతో తిరుగుట అపాయము. కష్టమును సహించుట ఉద్యోగధర్మము, దానికే జీతము. ప్రాణమును జీతములో భాగముగా ఎవరును అమ్ముకొనలేదు. అగ్నిమాపకుడు మంటలోనికి పోవుట మఱియొక ప్రాణమును కాపాడుటకు. అందులకై అతనికి శిక్షణయు, కవచమును కలవు. జాబు ఒకదినము ఆగినను జాబుగానే యుండును. థామ్సన్ కాలమున కొండల ఆవలివారికి వార్త తెలియుటకు మఱియొక మార్గము లేకుండెను. నేడు టెలిఫోను ఇంటింట నున్నది. మన దేశమున తంతివార్తలే 2013 జూలైలో ముగిసిపోయినవి. కాబట్టి అత్యవసరమైన వార్త నేడు బంట్రోతు కాళ్లమీద ఆధారపడియుండలేదు. మందులవంటివి సంచిలో నున్నచో వానిని ముందుగా ఏర్పఱచి, అనుకూలమైన బండిలో, ఇద్దఱిని జతచేసి పంపవచ్చును. సంచియంతటి పేరు చెప్పి ఒక మనిషిని ముప్పులోనికి త్రోయనక్కఱలేదు.

అపాయమును నిర్ణయింపవలసినవారెవరు? ఆఫీసులో కూర్చున్న అధికారికి వాగు లోతు తెలియదు. గట్టున నిలిచినవానికి తెలియును. 1981లో అంతర్జాతీయ కార్మిక సంస్థవారు 155వ ఒడంబడికలో ఒక సూత్రమును చేర్చిరి. ప్రాణమునకు తక్షణమే తీవ్రమైన ముప్పున్నదని తగిన కారణముతో నమ్మి పనినుండి తొలగిన కార్మికునకు, దాని వలన అన్యాయమైన నష్టము కలుగరాదని దాని సారము. అనగా, వెనుకకు మరలుటకు హక్కుండవలెను. ఆ హక్కునకు కారణమును చూపవలసిన బాధ్యతయు నుండవలెను.

మన తెలుగుదేశమునకు ఈ విషయము మిక్కిలి దగ్గఱిది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకెను. కాని అప్పటికి కొన్ని దినములు ముందుగనే దాని రాక తెలిసియుండెను. తీరవాసులను ఎత్తైన తావులకు తరలించిరి. ఈ రెండు తుపానుల నడుమ శాస్త్రజ్ఞానము ఎంత పెరిగినదో దీనివలన తెలియును. నేడు భారత వాతావరణ శాఖవారు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరికలను ప్రకటించుచున్నారు. 2015 వేసవిలో మన రెండు రాష్ట్రములలో కలిపి వేయిమందికి మించి వడదెబ్బకు బలియైరి. కాబట్టి మనకు తుపానువలెనే ఎండయు విపత్తే. ఎరుపు హెచ్చరిక వెలువడిన దినమున పల్లెబాటలో సైకిలు త్రొక్కు తపాలావానికి సెలవో, వేళ మార్పో ఇచ్చుట కష్టమైన పని కాదు. వేసవిలో తెల్లవారుజామున పంపకము ముగించి, మధ్యాహ్నము ఆఫీసు పని చూచుకొనవచ్చును. తుపాను దాటినపిమ్మట అదనపు మనుష్యులతో నిలిచిపోయిన సంచులను త్వరగా పంచవచ్చును. దేశములో లక్షా అరువదివేలకు మించిన పోస్టాఫీసులున్నవి. వానిలో పదింట తొమ్మిది పల్లెలలోనివే. అట్టి పెద్ద శాఖకు ఒక్కదినపు ఆలస్యము నష్టము కాదు. ఒక్క మనిషిని కోల్పోవుట మాత్రము తీరని నష్టము.

జాబులను అందుకొను మనకును కొంత ధర్మము కలదు. ఇంటిముందరి గోతిని పూడ్చుట, కుక్కను కట్టివేయుట, ఎండవేళ వచ్చినవానికి ఒక చెంబెడు చల్లని నీరిచ్చి నీడలో నిలువుమనుట మన చేతిలోని పనులే. తుపాను దినమున జాబు రాలేదని విసుగుకొనకుండుట అన్నిటికంటె సులభమైనది.

పారశీకుల రౌతు తన దినపు దూరమును ముగించి వార్తను తరువాతివానికి అప్పగించెను. మన దేశపు వార్తాహరుడు గంటలు మ్రోగించుచు వచ్చి జాబును తరువాతి అంచెకు అందించెను. ఆ తపాలాలు ఆగకపోవుటకు కారణము మనుష్యులు ఆగకపోవుట కాదు. ఆగినవాని స్థానమున నిలుచుటకు మఱియొకడు సిద్ధముగా నుండుట. నేడును తపాలా నడువవలసినది అట్టి యేర్పాటు బలముచేతనే గాని, ఒంటరివాని ప్రాణబలముచేత కాదు.