పాత పగవాళ్ళ ఉమ్మడి రియాక్టర్

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల నడుమ, ద్రాక్, ఇజేర్ నదులు కలిసేచోట గ్రెనోబుల్ నగరం ఉంది. 1943 శరత్కాలంలో జర్మన్ సైన్యం ఆ ఊళ్ళోకి వచ్చింది. నవంబరులో జర్మన్లూ, వాళ్ళకు తోడైన కొందరు ఫ్రెంచివాళ్ళూ కలిసి ప్రతిఘటన ఉద్యమ నాయకులను ఏరి ఏరి చంపారు. నాజీలతో పోరాడినందుకు ఫ్రాన్స్ ఐదు ఊళ్ళకు మాత్రమే ఇచ్చిన గౌరవ పతకం గ్రెనోబుల్‌కు దక్కింది. యుద్ధం ముగిసి 22 ఏళ్ళు తిరగకుండానే, 1967 జనవరిలో, అదే ఊళ్ళో పశ్చిమ జర్మనీతో కలిసి అణు రియాక్టర్ నడపడానికి ఫ్రాన్స్ సంతకం చేసింది. దాన్ని నడిపే లౌవ–లాంజెవాన్ సంస్థకు మొదటి డైరెక్టర్ జర్మన్.

దీనికి రాజకీయ పునాది 1963లో డిగోల్, అడెనావర్ సంతకాలు చేసిన ఎలిజే ఒప్పందం. అయితే స్నేహ ఒప్పందాలు ప్రపంచంలో కొల్లలు. ఈ ఉమ్మడి రియాక్టర్ నిలబడటానికి కారణం స్నేహం కంటే అవసరమే అనిపిస్తుంది. రెండు దేశాల భౌతిక శాస్త్రజ్ఞులకూ న్యూట్రాన్లు కావాలి, అవి కావలసినన్ని ఇచ్చే యంత్రాన్ని ఒక్కరే కట్టుకోవడం భారం. పైగా ఫ్రాన్స్ 1960లోనే అణుబాంబు పేల్చింది, జర్మనీ 1954లోనే బాంబు జోలికి పోనని మాట ఇచ్చింది. ఇద్దరూ కలిసి చేపట్టగలిగిన అణు పని ఏదంటే, బాంబుతో సంబంధం లేనిదే.

ఫ్రాన్స్ వైపు నుంచి దీన్ని ముందుకు నడిపినవాడు లూయీ నీల్. ఆయన అసలు స్ట్రాస్‌బుర్గ్ ప్రొఫెసరు. 1940లో జర్మనీ ఆ నగరాన్ని కలిపేసుకోవడంతో గ్రెనోబుల్ చేరి, అక్కడ భౌతిక శాస్త్రానికి పునాది వేశాడు. తనను ఊరు విడిచేలా చేసిన దేశంతోనే పాతికేళ్ళ తర్వాత కూర్చుని లెక్కలు మాట్లాడాడు. ఆయనకు న్యూట్రాన్లతో సొంత బంధం కూడా ఉంది. కొన్ని పదార్థాల్లో పక్కపక్క పరమాణువుల అయస్కాంతాలు ఎదురెదురు దిశల్లో నిలిచి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయని 1930లలో ఆయన సిద్ధాంతం చెప్పాడు. బయటికి అయస్కాంతత్వమే కనిపించనప్పుడు లోపలి అమరికను ఎలా చూడాలి? 1949లో అమెరికాలో క్లిఫర్డ్ షల్ న్యూట్రాన్లతో చూసి, నీల్ చెప్పింది నిజమేనని తేల్చాడు.

న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు. అందుకే ఎలక్ట్రాన్ల గుంపు అడ్డుపడకుండా పదార్థం లోలోపలికి దూసుకెళ్ళి, నేరుగా కేంద్రకాన్ని తాకి చెదురుతుంది. ఎక్స్ కిరణాలకు సరిగా ఆనని హైడ్రోజన్ దీనికి చక్కగా కనిపిస్తుంది. మామూలు హైడ్రోజన్‌కూ డ్యుటీరియానికీ తేడా కూడా పట్టేస్తుంది. పైగా న్యూట్రాన్ తానే ఒక చిట్టి అయస్కాంతం. మందుల అణువుల నుంచి బ్యాటరీల దాకా లోపలేం జరుగుతోందో చూడాలనుకునేవాళ్ళు దీనికోసం క్యూ కట్టడానికి కారణం ఇదే.

గ్రెనోబుల్ రియాక్టర్ 1971లో మొదలైంది. దాని గుండెలో ఉండేది సుమారు 10 కిలోల ఇంధనం నింపిన ఒకే ఒక స్తూపం, చుట్టూ భారజలం. అత్యధికంగా చదరపు సెంటీమీటరుకు సెకనుకు 15 కోట్ల కోట్ల న్యూట్రాన్లు. 58 మెగావాట్ల వేడి పుడుతుంది, దాంతో ఒక్క బల్బు కూడా వెలగదు. ఆ వేడినంతా ద్రాక్ నది నీళ్ళకు అప్పగించేస్తారు. కరెంటు కేంద్రాల్లో దేనికోసమైతే రియాక్టర్ కడతారో అదే ఇక్కడ చెత్త. న్యూట్రాన్లను చల్లబరచడానికి సున్నాకు 248 డిగ్రీలు దిగువన ఉండే ద్రవ డ్యుటీరియం వాడతారు. నికెల్ పూత పూసిన గాజు గొట్టాల గోడలకు తగిలి జారుతూ అవి పదుల మీటర్ల దూరంలోని పరికరాల దగ్గరికి చేరతాయి. ఈ గొట్టాల ఆలోచన వెనుక ఉన్న హైన్‌ట్స్ మయర్ లైబ్‌నిట్స్ ఆ మొదటి డైరెక్టర్.

సెకనుకు కొన్ని మీటర్లకు వేగం తగ్గిస్తే న్యూట్రాన్లను సీసాలో పట్టి ఉంచవచ్చు. అలా నెమ్మదించినవాటితో 2002లో ఇక్కడ ఒక వింత బయటపడింది. అద్దం మీద ఎగిరిపడే న్యూట్రాన్ తనకు తోచిన ఎత్తులో ఉండలేదు. గురుత్వాకర్షణ కూడా దానికి మెట్లు కట్టి పెట్టింది, మొదటి మెట్టు సుమారు 14 మైక్రాన్లు. ఇంకో చిక్కు నేటికీ తెగలేదు. విడిగా ఉన్న న్యూట్రాన్ ఆయుష్షు పావుగంట లోపే. సీసాలో కొలిస్తే వచ్చే అంకెకూ, పారే న్యూట్రాన్ పుంజంలో కొలిస్తే వచ్చే అంకెకూ దాదాపు 9 సెకన్ల తేడా ఉంది.

సంస్థకు పెట్టిన రెండు పేర్లు ఊరికే ఎంచుకున్నవి కావు. మాక్స్ ఫాన్ లౌవ నాజీలను జర్మనీలోనే ఉండి ఎదిరించినవాడు. భద్రత కోసం కోపెన్‌హేగెన్‌కు పంపిన ఆయన నోబెల్ పతకం జర్మన్ సైన్యం చేతికి చిక్కకుండా, 1940లో హెవెషీ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని ఆమ్లంలో కరిగించి అల్మరాలో పెట్టాడు. యుద్ధం తర్వాత ఆ బంగారంతోనే మళ్ళీ పతకం పోశారు. పాల్ లాంజెవాన్‌ను పారిస్‌లో జర్మన్లు జైల్లో వేశారు, ఆయన అల్లుడిని కాల్చి చంపారు, కూతురిని ఆష్విట్జ్‌కు పంపారు. ఆమె బతికి వచ్చింది.

1973లో బ్రిటన్ మూడో భాగస్వామిగా చేరింది. ప్రయోగాల ప్రతిపాదనలను బయటి నిపుణులు పరిశీలించి, బాగున్నవాటికే సమయం ఇస్తారు. ఈ సహవాసం ఆ రియాక్టర్ గోడలు దాటి కూడా పండింది. అదే ఊళ్ళో రెండు దేశాలు కలిసి నడిపిన బలమైన అయస్కాంతాల ప్రయోగశాలలో, 1980 ఫిబ్రవరిలో ఒక రాత్రి క్లాస్ ఫాన్ క్లిట్సింగ్ విద్యుత్ నిరోధం మెట్లు మెట్లుగా మారడం గమనించాడు. ఐదేళ్ళకు నోబెల్ వచ్చింది.

సమస్య ఇంధనంతోనే. ఇందులో వాడే యురేనియం 93 శాతం శుద్ధి చేసినది, అంటే బాంబుకు పనికొచ్చే రకం. దాన్ని తక్కువ శుద్ధి ఇంధనానికి మార్చాలన్న ఒత్తిడి ఏళ్ళుగా ఉంది, న్యూట్రాన్లు తగ్గకుండా మార్చడం అంత తేలిక కాదు. ప్రస్తుత ఒప్పందం 2033 వరకే. ఈలోగా స్వీడన్‌లోని లుండ్‌లో పదమూడు దేశాలు కలిసి కొత్త యంత్రం కడుతున్నాయి, దాని సమాచార కేంద్రం డెన్మార్క్‌లో. అక్కడ యురేనియం అక్కర్లేదు. ప్రోటాన్లను తిరిగే టంగ్‌స్టన్ చక్రం మీదికి కొట్టి న్యూట్రాన్లు రాలుస్తారు. కాకపోతే అవి ఆగి ఆగి వస్తాయి. ఎడతెరిపి లేని ధార కావాల్సిన ప్రయోగాలవాళ్ళు ఇంకా గ్రెనోబుల్ వైపే చూస్తున్నారు.