లైసెన్స్ చేతికొచ్చింది సరే... కారు సంగతి తెలుసా?

ఉదయం పదింటికి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ. ఐదున్నరకే సూర్యాపేటలో బయల్దేరాం. బీటెక్ చివరి ఏడాదిలో ఉన్న నలుగురు ఫ్రెండ్స్, మా బాబాయ్ దగ్గర అడిగి తెచ్చుకున్న పాత కారు. స్టీరింగ్ నా చేతిలోనే. లైసెన్స్ వచ్చి అప్పటికి ఏడాది దాటింది. ‘నాకు డ్రైవింగ్ బాగా వచ్చు’ అనే ధీమా కూడా బాగానే ఉండేది.

నార్కట్‌పల్లి దాటాం. చిట్యాల వస్తోందనగా వెనక నుంచి ‘ఢమాల్’మని చప్పుడు. కారు ఒక్కసారిగా ఎడమ పక్కకి లాగేసింది. భయంతో బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. బండి అడ్డం తిరిగి రోడ్డు పక్క మట్టిలోకి దిగి ఆగింది. వెనక సీట్లో బెల్టు పెట్టుకోని మా వాడి నుదురు ముందు సీటుకి గుద్దుకుంది. ఆసుపత్రిలో నాలుగు కుట్లు పడ్డాయి. ఇంటర్వ్యూ సంగతి చెప్పక్కర్లేదు. నాతో పాటు ముగ్గురి అవకాశం ఆ రోజు హైవే మీదే ఆగిపోయింది.

స్టెప్నీ వేద్దామని డిక్కీ తీస్తే దాంట్లోనూ గాలి లేదు. ఎలాగోలా పంక్చర్ షాపాయన్ని పిలిపించాం. ఆయన పేలిన టైరుని అటూ ఇటూ తిప్పి చూసి ఒకే మాట అడిగాడు: ‘తమ్మీ, గీతలు మంచిగనే ఉన్నయ్. టైరు వయసు ఎప్పుడన్న సూశినవా?’

మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్న నాకు టైరుకి వయసుంటుందని తెలియదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. లైసెన్స్ పరీక్షలో మీరు బండిని ముందుకీ వెనక్కీ నడపగలరా అని చూస్తారు. ఆ బండి రోడ్డెక్కే స్థితిలో ఉందో లేదో చూసుకునే పని మాత్రం మీదే.

టైరు మీద నాలుగు అంకెలు

టైరు పక్క గోడ మీద ‘డాట్’ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే కోడ్ ఉంటుంది. దాని చివర నాలుగు అంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. రబ్బరు వాడినా వాడకపోయినా ఎండకీ గాలికీ గట్టిపడుతుంది, పగుళ్లు వస్తాయి. అందుకే తక్కువ తిరిగిన కారు టైర్లు చూడ్డానికి కొత్తగా కనిపించినా లోపల బలహీనంగా ఉండొచ్చు. ఐదారేళ్లు దాటితే ఏటా టైరు షాపులో చూపించండి. పదేళ్లు నిండితే గీతలు ఎంత బాగున్నా మార్చేయాల్సిందే.

గీతల సంగతికొస్తే, కారు టైరుకి కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. కొలవడానికి స్కేలు అక్కర్లేదు. గాడుల్లో అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మెలుంటాయి. టైరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే దాని పని అయిపోయినట్టే. వానలో రోడ్డు మీది నీళ్లని పక్కకి నెట్టేది ఈ గాడులే. అవి లేకపోతే టైరు నీటి పొర మీద తేలిపోతుంది. అప్పుడు స్టీరింగ్ తిప్పినా, బ్రేకు తొక్కినా బండి మాట వినదు.

ఇక గాలి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. చాలా చిన్న కార్లకి 30 నుంచి 36 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది. టైరు మీద రాసి ఉండే పెద్ద అంకె గరిష్ఠ పరిమితి. దాన్ని చూసి గాలి కొట్టించొద్దు. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నడిపాక వేడెక్కి రీడింగ్ పెరుగుతుంది కాబట్టి అసలు లెక్క తెలియదు.

గాలి తక్కువైతే ఏమవుతుంది? టైరు తిరిగిన ప్రతిసారీ పక్క గోడలు ఎక్కువగా వంగి లేస్తాయి. ఆ వంపులో వేడి పుడుతుంది. దానికి వేగం, ఎండ, నలుగురి బరువు తోడైతే ఎక్కడో ఒకచోట తెగిపోతుంది. ఆ రోజు మా కారుకి జరిగింది ఇదే. ముసలి టైరు, తక్కువ గాలి, నిండా జనం, గంటకి 90 కిలోమీటర్ల వేగం.

టైరు పేలితే బ్రేకు గట్టిగా తొక్కకూడదు. స్టీరింగ్‌ని రెండు చేతులతో గట్టిగా, నిటారుగా పట్టుకోండి. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయండి. వేగం దానంతటదే తగ్గాక, అద్దాల్లో వెనక చూసుకుంటూ ఇండికేటర్ వేసి ఎడమ పక్కకి తీసుకెళ్లండి.

వేగానికి వేసే లెక్క

ఫిజిక్స్ మర్చిపోయినా ఈ లెక్క మర్చిపోకండి. గంటకి 90 కిలోమీటర్లు అంటే సెకనుకి 25 మీటర్లు. ‘ఒక్క మెసేజే కదా’ అని మూడు సెకన్లు ఫోన్ చూస్తే, కళ్లు మూసుకుని 75 మీటర్లు నడిపినట్టే.

వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. ప్రమాదం గమనించి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. పొడి రోడ్డు, మంచి బ్రేకులు. 40 వేగంలో మొత్తం సుమారు 25 మీటర్లలో ఆగుతాం. 80లో అయితే దాదాపు 70 మీటర్లు కావాలి. తడి రోడ్డు మీద ఇంకా ఎక్కువ. అందుకే ముందు బండికీ మీకూ మధ్య కనీసం మూడు సెకన్ల దూరం ఉంచండి. ముందు కారు ఒక కరెంటు స్తంభాన్ని దాటగానే మనసులో లెక్కపెట్టండి. మూడు పూర్తవకముందే మీరూ ఆ స్తంభం దగ్గరికి చేరితే మరీ దగ్గరగా వెళ్తున్నట్టు. వానైతే ఆ మూడుని ఆరు చేసుకోండి.

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి. చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకుని సెకనులో చాలాసార్లు వదిలి పట్టుకునే ఏర్పాటిది. అది పనిచేసేటప్పుడు పెడల్ కింద గడగడమని కొట్టుకుంటుంది. కొత్తవాళ్లు భయపడి కాలు తీసేస్తారు. తీయొద్దు. గట్టిగా తొక్కి పట్టి, స్టీరింగ్‌తో తప్పించుకోండి. ఏబీఎస్ ఉన్నది అందుకే.

బెల్టు ముందు, బెలూన్ తర్వాత

ఎయిర్‌బ్యాగులున్నాయి కదా, బెల్టు ఎందుకు అనేవాళ్లు మన బ్యాచ్‌లోనే ఉంటారు. ఎయిర్‌బ్యాగ్ మీద కనిపించే ‘ఎస్ఆర్ఎస్’లో మొదటి అక్షరానికి అర్థం ‘అదనపు’ అని. బెల్టుకి అది తోడు మాత్రమే. బెల్టు లేకుండా ముందుకి దూసుకెళ్తున్న శరీరాన్ని వేగంగా విచ్చుకునే బ్యాగ్ ఎదురొచ్చి కొడితే దెబ్బ తగులుతుంది. స్టీరింగ్‌కీ మీ ఛాతీకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండేలా సీటు సర్దుకోండి.

మనం ఇప్పుడు వాడే మూడు చోట్ల పట్టి ఉంచే బెల్టుని 1959లో వోల్వో ఇంజినీరు నీల్స్ బోలిన్ రూపొందించారు. ఇతర కంపెనీలూ వాడుకునేలా వోల్వో ఆ పేటెంట్‌ని అందరికీ వదిలేసింది. అంత తేలిగ్గా అందరికీ అందిన రక్షణని మా వాడు ఆ రోజు సీటు కింద తొక్కేసి కూర్చున్నాడు. వెనక సీట్లోనూ బెల్టు చట్టప్రకారం తప్పనిసరి. పెట్టుకోకపోతే 1,000 రూపాయల జరిమానా. జరిమానా కంటే నుదుటి మీద కుట్లే మాకు బాగా గుర్తున్నాయి.

ఆదివారం పది నిమిషాలు

వారానికోసారి పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇవి చూడండి.

ఇంజిన్ ఆయిల్: బండి చదునైన చోట ఉండాలి. డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి.

కూలెంట్: పక్కనున్న తెల్లటి ట్యాంకు మీద కనిష్ఠ, గరిష్ఠ గీతలుంటాయి. వాటి మధ్య ఉంటే చాలు. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత ఎప్పుడూ తీయకండి. లోపల ఒత్తిడితో ఉన్న మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

బ్రేక్ ఆయిల్: ఇది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ చేరితే తక్కువ వేడికే ఆవిరి బుడగలు పుట్టి, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెడల్ మెత్తగా కిందికి వెళ్లిపోతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. ఉన్నట్టుండి మట్టం తగ్గితే ఎక్కడో కారుతోందనో, బ్రేక్ ప్యాడ్లు అరిగాయనో అనుమానించండి.

లైట్లు, వైపర్లు: బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో మీకు సీట్లోంచి కనపడదు. ఇంట్లో ఎవరినైనా వెనక నిలబడమనండి. లేదంటే గోడకి వెనక్కి పెట్టి వెలుగు చూసుకోండి.

స్టెప్నీ: నాలుగు టైర్లతో పాటు దీనికీ గాలి చూడాలి. ఈ పేరుకి ఓ కథ ఉంది. 1904 ప్రాంతంలో వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో డేవీస్ సోదరులు కారుకి అదనపు చక్రం తయారు చేశారు. వాళ్ల దుకాణం స్టెప్నీ వీధిలో ఉండేది. ఆ వీధి పేరే మన పంక్చర్ షాపుల దాకా వచ్చింది.

చక్రం మార్చడం ఇంటి దగ్గరే ఒకసారి ప్రాక్టీస్ చేయండి. చదునైన నేల చూసుకుని హ్యాండ్ బ్రేకు వేసి, గేర్‌లో ఉంచండి. జాకీతో లేపకముందే నట్లు కొద్దిగా వదులు చేయాలి. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురు నట్లు బిగించాలి. జాకీ మీద ఉన్న కారు కిందికి చెయ్యో కాలో పెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఎరుపు ఆగమంటోంది

డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగితే ‘త్వరలో చూపించండి’ అని. ఎరుపు వెలిగితే ‘ఇప్పుడే ఆపండి’ అని. ముఖ్యంగా నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే ఇంకో రెండు కిలోమీటర్లు లాగుదాం అనుకోవద్దు. ఆ రెండు కిలోమీటర్లలో ఇంజిన్ పట్టేస్తే, దాన్ని విప్పి బాగుచేయించే ఖర్చుకి కొత్త ఉద్యోగి జీతం చాలదు. వేడి ముల్లు పైకెళ్లినా అంతే. పక్కకి ఆపి, ఇంజిన్ ఆర్పి, చల్లారేదాకా ఆగండి.

హైవే మీద బండి ఆగిపోతే నాలుగు ఇండికేటర్లూ వేసి, డిక్కీలోని ఎర్ర త్రికోణాన్ని కనీసం 50 మీటర్లు వెనక పెట్టండి. అందరూ కారు దిగి రోడ్డుకి దూరంగా నిలబడాలి. జాతీయ రహదారి మీద 1033కి, గాయాలైతే 108కి ఫోన్ చేయండి.

ఉద్యోగానికీ దీనికీ సంబంధం ఏంటి?

ఉంది. సైట్ ఇంజినీరు, మెడికల్ రెప్, ఫీల్డ్ ఆఫీసర్ లాంటి చాలా ఉద్యోగ ప్రకటనల్లో డ్రైవింగ్ లైసెన్స్ ఉండాలని రాస్తున్నారు. లెర్నర్స్ లైసెన్స్ ఆరు నెలలు చెల్లుతుంది. అది తీసుకున్న 30 రోజుల తర్వాతే అసలు పరీక్షకి వెళ్లగలం. కాబట్టి ఆఫర్ వచ్చాక పరుగెత్తడం కంటే, చివరి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. 30 ఏళ్లలోపు తీసుకున్న సొంత వాహన లైసెన్స్ 40 ఏళ్లు నిండేవరకు పనికొస్తుంది. ఆర్సీ, లైసెన్స్ డిజిలాకర్‌లో పెట్టుకోండి. బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ల గడువు తేదీలకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

మెకానికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్లకి ఇంకో లాభం. ఏబీఎస్ ఎలా పనిచేస్తుంది, బ్రేక్ ఆయిల్ ఎందుకు మార్చాలి లాంటివి ఇంటర్వ్యూలో అడిగితే, పుస్తకంలో చదివినవాడికీ బానెట్ ఎత్తి చూసినవాడికీ తేడా ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత నేను వెళ్లిన ఓ ఇంటర్వ్యూలో ‘మీరు చేసిన పెద్ద పొరపాటు ఏంటి?’ అని అడిగారు. చిట్యాల సంగతే చెప్పాను. టైరు వయసు, గాలి, వేడి ఒకదానికొకటి ఎలా తోడయ్యాయో వివరించాను. ఉద్యోగం వచ్చింది. అయినా ఆ రోజు మా వాడి నుదుటి మీద రక్తం చూసి నేర్చుకోవాల్సిన పాఠం కాదది.

ఈ ఆదివారం మీ ఇంట్లో కారుంటే, లేదంటే మామయ్యదో పక్కింటివాళ్లదో ఉంటే దగ్గరికి వెళ్లి ఆ నాలుగు అంకెలు చదవండి. స్టెప్నీలో గాలి చూడండి. మా వాడు ఇప్పటికీ ఎవరి కారెక్కినా ముందు బెల్టు లాగి పెట్టుకుంటాడు, ఆ తర్వాత ఇదే అడుగుతాడు: ‘ఒరేయ్, స్టెప్నీలో గాలుందా?’