పాతకారు పగ్గములు

ముప్పది నలుబది ఏండ్లు కొట్టములో పడియున్న తాతలనాటి కారును మరల రోడ్డెక్కింపవలెనని సంకల్పించువారు మొదట ఇంజను వంక చూతురు. ఆ తరువాత రంగు వంక చూతురు. స్టీరింగు మాట చిట్టచివరకు వచ్చును. ఈ వరుస సరికాదని మా అభిప్రాయము. ఇంజను మొరాయించినచో బండి నిలిచిపోవును, అంతియే. స్టీరింగులో ఒక్క కీలు ఊడినచో బండి నిలువదు, పోవుచునే యుండును, ఎటు పోవునో నడుపువాని వశమున ఉండదు.

మన దేశమున ఈ విధముగా బాగుచేయబడు బండ్లలో పెక్కు రెండు కుటుంబములకు చెందినవి. మొదటిది కలకత్తా చెంత ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర మొదలిడి 2014 మే వరకు నిర్మించిన అంబాసిడరు. ఇంగ్లాండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి దీనికి మాతృక. రెండవది బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వారు ఇటలీ దేశపు ఫియట్ 1100 ననుసరించి తయారుచేసినది. 1970లలో దీనికి పద్మిని అను పేరు వచ్చినది. రెండును మన వీథులలో ప్రక్కప్రక్కనే తిరిగినవి గాని, స్టీరింగు విషయమున వీని జాతులే వేరు.

అంబాసిడరులో స్టీరింగు గడ కొనయందు ఒక చిన్న పండ్లచక్రము, దాని క్రింద అడ్డముగా పండ్లుగల కమ్మి ఉండును. దీనినే ర్యాకు అందురు. చక్రము త్రిప్పినకొలది కమ్మి కుడియెడమలకు జరుగును. దాని కొనలనున్న టై రాడ్లు ముందుచక్రములను త్రిప్పును. ఫియట్టులో ర్యాకు లేదు. ఒక ఇనుప పెట్టెలో మరచుట్టువంటి వార్ము తిరుగును. పెట్టె నుండి వెలువడిన చేయి ఊగును. ఎదుటి ప్రక్కన దానికి జోడుగా ఐడ్లరు చేయి ఉండును. ఆ రెంటిని రాడ్లు కలుపును. కీళ్లు ఎక్కువ, కావున ఆటకు తావులు కూడ ఎక్కువ.

అంగడికి పోయి, “అంబాసిడరు టై రాడ్డు కీలు ఇమ్ము” అని అడుగుట చాలదు. ఇన్ని ఏండ్లలో ఆ బండి ఎందరి చేతులు మారినదో, ఏ మేస్త్రీ ఏ బండి భాగమును దానికి తగిలించెనో ఎవరెరుగుదురు? ఆర్.సి. పుస్తకము బండి పుట్టిన సంవత్సరమును చెప్పును గాని, దాని క్రింద నేడున్నదేమో చెప్పదు. పాత అంబాసిడర్లలో గేరుకర్ర స్టీరింగు గడకే ఉండెడిది. 1990లలో ఇసుజు ఇంజనుతో వచ్చిన వానిలో అది నేలకు దిగినది. కనుక గడ కూడ ఒక్కటి కాదు. భాగమును విప్పి, కిరోసినుతో జిడ్డు కడిగి, దానిపై పోతలోనో అచ్చులోనో ఉన్న అంకెలు వ్రాసికొని, వెర్నియరుతో కొలుచుటయే మార్గము.

కొలతలలో అతి మోసకరమైనది మరచుట్టు. ఇంగ్లీషు సంతతి బండ్లలో కొలత అంగుళములది, ఇటలీ సంతతిలో మిల్లీమీటర్లది. అర అంగుళపు సన్నమర బోల్టు లావు 12.7 మిల్లీమీటర్లు, అంగుళమునకు 20 చుట్లు, అనగా చుట్టు చుట్టుకు 1.27 మిల్లీమీటర్లు. పన్నెండు మిల్లీమీటర్ల సన్నమర బోల్టులలో ఒక రకమునకు చుట్ల ఎడము 1.25. భేదము కంటికి ఆనదు. అర అంగుళపు నట్టు ఆ పన్నెండు మిల్లీమీటర్ల బోల్టుపై హాయిగా ఎక్కును, బిగిసినట్లే తోచును. కాని మరలు అంచుల మాత్రమే పట్టును. గుంతల రోడ్డుపై అవి ఒలిచికొనిపోవును. చేతికి వదులుగా ఎక్కిన నట్టును చూచి సంతసింపరాదు. మరగేజి వెల స్వల్పము.

కీలు కాడ యొక్క ఏటవాలు కూడ అట్టిదే. కాడ తన రంధ్రములో అంతటను అంటుకొనవలెను. కాడపై పలుచగా నీలిరంగు పూసి, రంధ్రములో గట్టిగా నొక్కి తీసినచో, రంగు చుట్టును సమముగా అంటినదో, ఒక అంచుననే అంటినదో కనబడును. ఒక అంచున మాత్రమే అంటినచో ఆ భాగము మనది కాదు. అంగడివాడు ఎన్ని ప్రమాణములు చేసినను కాదు.

ఇక దొరకు తావులు. విజయవాడ ఆటోనగరు, సికిందరాబాదు రాణీగంజి, చెన్నపట్టణమున పుదుప్పేట, కలకత్తాలో మల్లిక్ బజారు — ఇవి ఓపికతో తిరుగువారికి నిరాశ కలిగింపవు. ఇంగ్లాండులో మనవలెనే కుడిచేతి స్టీరింగు గనుక అచ్చటి మోరిస్ భాగములు కొలతకు నిలిచినచో తెప్పించుకొనవచ్చును. ఇటలీ నుండి ఫియట్టు పెట్టెను తెప్పించుట మాత్రము డబ్బు దండుగ. అది ఎడమచేతి బండికి చేసినది. కీళ్లు, బుష్షులు వేరు సంగతి.

కీళ్లు, రబ్బరు తొడుగులు ఎన్నడును పాతవి కొనరాదు. వాడకుండ ముప్పది ఏండ్లు అలమరలో ఉన్న “కొత్త” సరకు రబ్బరు కూడ ఎండి చిట్లియుండును. ర్యాకునుగాని పెట్టెనుగాని పాతది కొనవచ్చును, పరీక్షించి. బండి ఎక్కువగా తిన్నగానే పోవును గనుక పండ్లు నడుమనే అరుగును. నడుమ ఆట లేకుండ బిగించి, రెండు కొసలకు త్రిప్పి చూడవలెను. కొసలలో పట్టివేసినచో నడిమి పండ్లు అరిగినవని అర్థము. దానిని అచ్చటనే వదలి రావలెను.

చేతులను, కడ్డీలను ఎర్రరంగు ద్రవముతో పగుళ్ల పరీక్ష చేయించుట మంచిది: ద్రవము పూసి, తుడిచి, పైన తెల్లపొడి చల్లినచో పగులున్న చోట ఎర్రగీత తేలును. పగిలిన స్టీరింగు చేతికి వెల్డింగు చేయింపుమని ఎవరు చెప్పినను వినరాదు. వంగినదానిని కాల్చి సరిచేయుటయు అట్టిదే. ఉక్కు పదును పోవును.

బిగించునపుడు కోటనట్టు గాడి, స్ప్లిట్ పిన్ను రంధ్రము ఎదురెదురు రానిచో నట్టును ముందుకే త్రిప్పవలెను గాని వెనుకకు వదలరాదు. పాత పిన్నును మరల వాడరాదు. తరువాత ఒకరు చక్రమువద్ద కూర్చుండి కొద్దికొద్దిగా అటునిటు త్రిప్పుచుండగా, మరియొకరు క్రిందనుండి కీలు కీలున చేయి వేసి చూడవలెను. ఆట ఎచ్చట ఉన్నదో వ్రేళ్లకు తెలియును. మొదటి నూరు కిలోమీటర్లు నడచిన పిదప ఈ పరీక్షను మరల చేయవలెను.