స్కాట్ భాషలో త్రాటి పేర్లు

త్రాడు ఒక్కటే, పని మారిన కొలది పేరు మారును. బావికి చేంతాడు, పశువునకు పలుపు, కాడి యెడ్లకు పగ్గము, రథమునకు మోకు అని మనము వేరుపరచినట్లే స్కాట్లండు తీరవాసులును ఓడకు, వలకు, గాలమునకు వాడిన త్రాళ్లకు వేర్వేరు పేర్లు పెట్టుకొనిరి. ఇచట స్కాట్ భాష యనగా గేలిక్ కాదు. ఆంగ్లమునకు తోబుట్టువై పల్లపుసీమలలో పెరిగిన భాష.

అందు త్రాటికి సామాన్యనామములు రెండు. మొదటిది 'రెయిప్'. ఆంగ్లపు 'రోప్'నకును దీనికిని మూల మొక్కటే. ప్రాచీనాంగ్లములోని దీర్ఘాకారము దక్షిణమున ఓకార మయినది. ఉత్తరమున ఏకారమువైపు మొగ్గినది. ఇంటిని 'హెయిమ్', రాతిని 'స్టెయిన్' అనుటయు ఈ చొప్పుననే. రెండవది 'టౌ'. ఓడ త్రాడు, గుడిగంట త్రాడు, గనిలోని బరువులను పైకి లాగు త్రాడు, ఉరిత్రాడు, అన్నియు టౌలే. మనకు 'ఉరి' యను విశేషణము కావలెను. వారికి సందర్భమే చాలును.

1550 ప్రాంతమున వెలువడిన 'కంప్లెయింట్ ఆఫ్ స్కాట్లండ్' అను గద్యగ్రంథమున ఓడ ప్రయాణమగు ఘట్టమొకటి కలదు. నావికుల కేకలతో నిండిన ఆ ఘట్టమున లంగరును పట్టు 'కేబిల్', తెరచాప అంచును గాలికెదురుగా నిలుపు 'బోలిన్', చాప క్రిందిమూలను బిగించు 'షీట్' కనిపించును. షీట్ అనగా చాప యని భ్రమపడరాదు, అది త్రాడే.

చేపలవేటలో లోతునీటికి 'గ్రేట్లిన్' అను పెద్దత్రాడును, తీరజలములకు చిన్నత్రాడును వాడిరి. చిన్నత్రాటికి వెయ్యికి పైగా గాలములుండెడివి. ఇంటి ఆడవారు వానికి ఆలిచిప్పల మాంసమును ఎరగా గ్రుచ్చెడివారు. గాలమును పెద్దత్రాటికి కలుపు పొట్టిదారము 'స్నూడ్'. పెండ్లికాని పడుచు తలకు కట్టుకొను పట్టెయు 'స్నూడే'. గాలము చెంత గుఱ్ఱపు వెండ్రుకలతో పేనిన తునుక 'టిప్పెట్'. ఆర్కినీ, షెట్లండు దీవులలో గాలపుదారమును 'టోమ్' అందురు. ఇది పగ్గమను అర్థముగల ప్రాచీన నార్స్ పదమునుండి వచ్చినది. 1468-69లో ఆ దీవులు స్కాట్లండు రాజునకు తాకట్టుగా సంక్రమించెను. తరువాత అచటి నార్న్ భాష నశించినను, దాని మాటలు జాలరుల నోట నిలిచెను. ఫారో దీవుల పండితుడు యాకోబ్ యాకోబ్సన్ 1893-95లో షెట్లండునందు వానిని వేలకొలది సేకరించెను.

ఈ మాటల వెనుక ప్రాణములుండెను. 1881 అక్టోబరు 14న స్కాట్లండు ఆగ్నేయతీరమున ఒక్క తుపానులో 189 మంది జాలరులు మరణించిరి. పిదప ఆవిరియంత్రములు, నైలాను త్రాళ్లు వచ్చి పనిని మార్చగా, పని వెంట పేర్లును తొలగినవి. 2002 నాటికి పూర్తియైన రెండు మహానిఘంటువులు వానిలో అనేకములను భద్రపరచినవి.

మనకును 1962లో వ్యవసాయపదములతో మాండలిక వృత్తిపదకోశ మారంభమయినది. కాని కోశమున దాచిన మాట విత్తనము వంటిది. దానిని మొలిపించు పొలము రచన. జాలరి కథలో అన్నిటిని 'త్రాడు' అని వ్రాసి సరిపెట్టుకొన్ననాడు, ఆ జాలరి చేతిపనిలో సగము మనకు కనబడకయే పోవును.