ఫ్రీజర్‌లో ఐసు గట్టిగానే ఉంది, కింద పాలు మాత్రం విరుగుతున్నాయి

కిందటి ఆగస్టులో, మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చిన మూడో వారంలో, మా ఇంట్లో పాలు విరిగిపోయాయి. ఒకరోజు విరిగితే పాలదే తప్పనుకున్నాం. మర్నాడు కొత్త గ్యాలన్ కూడా విరిగింది. దోసెల పిండి రాత్రికి రాత్రే డబ్బా మూత తోసుకుని బయటికొచ్చింది. పైనున్న ఫ్రీజర్ తెరిచి చూస్తే బఠాణీలు రాళ్లలా ఉన్నాయి, ఐసు గట్టిగానే ఉంది. "ఫ్రిజ్ బాగానే ఉంది కదండీ, లైటు కూడా వెలుగుతోంది" అంది మా ఆవిడ.

నా కంగారు పాల గురించి కాదు. కింద తలుపు అరలో అత్తయ్యగారి ఇన్సులిన్ పెన్నులున్నాయి. మూడు నెలలకు సరిపడా ఇండియా నుంచి తెచ్చుకున్నవి. ఇక్కడ ఆవిడకున్నది విజిటర్ ఇన్సూరెన్స్, ఆ పాలసీలో షుగర్ మందులు రావు. థర్మామీటర్ పెట్టి చూస్తే కింది భాగంలో 58 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంది. ఉండాల్సింది 40 లోపు.

"ఫ్రీజర్ చల్లగానే ఉందిగా బాబూ, అందులో పెట్టెయ్యండి" అన్నారు అత్తయ్యగారు. నేనూ ఒక చేత్తో పెన్నులు పట్టుకుని అదే చేయబోయాను. మీ ఇంట్లో ఇన్సులిన్ ఉంటే ఇది గుర్తుంచుకోండి: గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే. తెరవని పెన్నులు 36 నుంచి 46 డిగ్రీల మధ్య ఉండాలి. మా వీధి చివర ఫార్మసీకి ఫోన్ చేస్తే, ఎంత వేడిలో ఎన్ని రోజులున్నాయని అడిగి, 58లో రెండు రోజులున్నంత మాత్రాన పారేయక్కర్లేదు, వెంటనే చల్లని చోటికి చేర్చమన్నారు. ఆవిడ వాడే రకం 86 డిగ్రీలు దాటకుండా బయట 28 రోజులు ఉండొచ్చట. అన్ని రకాలకూ ఇదే లెక్క కాదు, మీ మందు సంగతి మీ ఫార్మసిస్టునే అడగండి. మేం వాడుతున్న పెన్ను ఒక్కటి బయట ఉంచుకుని, మిగతావి రెండు ఇళ్ల అవతలి స్నేహితుల ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాం.

తర్వాత రిపేరు కంపెనీకి ఫోన్ చేశాను. వచ్చి చూడ్డానికే 95 డాలర్లు. ఫ్రిజ్ వయసు 9 ఏళ్లని చెప్పగానే అవతలాయన, బహుశా కంప్రెసర్ పోయి ఉంటుంది, కొత్తది కొనుక్కోవడం నయం అన్నాడు. చూడకుండానే చెప్పాడు. కానీ ఫ్రీజర్ రాయిలా గడ్డకట్టి ఉంటే కంప్రెసర్ ఎలా పోతుంది?

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పైన ఫ్రీజర్, కింద ఫ్రిజ్ ఉండే మామూలు ఫ్రాస్ట్ ఫ్రీ మోడళ్లలో చలి పుట్టేది ఒక్కచోటే. ఫ్రీజర్ వెనక గోడ లోపల ఎవాపరేటర్ కాయిల్ అని ఉంటుంది. దాని పక్కన అరచేయంత చిన్న ఫ్యాన్. ఆ ఫ్యాన్ కాయిల్ మీది చల్లగాలిని ఫ్రీజర్‌లోకి ఊదుతుంది, అందులో కొంత గాలి ఒక గొట్టం గుండా కిందికి దిగుతుంది. కింది భాగానికి సొంతంగా చలి లేదు, పైనుంచి వచ్చిన గాలే దిక్కు. ఫ్యాన్ ఆగితే కాయిల్ దగ్గరున్న ఫ్రీజర్ ఇంకొన్నాళ్లు లాక్కొస్తుంది, కింది అర మాత్రం వేడెక్కుతుంది. మా ఇంట్లో జరిగింది అచ్చంగా ఇదే. పైనా కిందా రెండూ వేడెక్కితే మాత్రం కథ వేరు. అప్పుడు వెనక అడుగున కంప్రెసర్ పక్కనుండే ఇంకో ఫ్యాన్‌నీ, అక్కడ పేరుకున్న దుమ్మునీ ముందు చూడాలి.

నిజానికి ఫ్రిజ్ మాకు నెల ముందే చెప్పింది. రాత్రిళ్లు వంటింట్లో కీచుమని చప్పుడు వచ్చేది. పెరట్లో కీచురాయి అనుకున్నాం. నీళ్ల కోసం ఫ్రీజర్ తలుపు తీస్తే ఆగేది, వేస్తే మళ్లీ మొదలు. తలుపు తీయగానే ఫ్యాన్ ఆగిపోయేలా చాలా మోడళ్లలో స్విచ్ ఉంటుంది. అంటే ఆ కీచురాయి మా ఫ్యాన్ మోటారే.

దీన్నే పరీక్షగా కూడా వాడుకోవచ్చు. ఫ్రీజర్ తలుపు తెరిచి, చౌకట్టు దగ్గరున్న స్విచ్‌ని వేలితో నొక్కి పట్టుకోండి. వెనక గోడలోంచి గాలి కదిలిన చప్పుడు రావాలి. వెనక కంప్రెసర్ మోగుతూనే ఉండి, ఇక్కడ ఏమీ వినబడకపోతే అనుమానం ఫ్యాన్ మీదే. కంప్రెసర్ ఆగి ఉన్న సమయంలో ఫ్యాన్ కూడా ఆగే ఉంటుంది, కాబట్టి తొందరపడి తీర్పు చెప్పకండి.

ప్లగ్ పీకేసి (డయల్ ఆఫ్ చేస్తే చాలదు), ఫ్రీజర్ ఖాళీ చేసి, వెనక పలక రెండు స్క్రూలూ విప్పాను. పావు అంగుళం నట్ డ్రైవర్ సరిపోయింది. కాయిల్ మీద సన్నని మంచు పొర సమానంగా ఉంది. అదే మంచు దిమ్మలా కట్టి ఫ్యాన్ రెక్కలకు తగులుతుంటే తప్పు ఫ్యాన్‌ది కాదు, మంచు కరిగించే డీఫ్రాస్ట్ హీటర్ వైపుది. అలాంటి ఫ్రిజ్‌ని ఒకరోజు ఆపి ఉంచితే బాగైనట్టే కనబడుతుంది, కొన్ని రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. ఆ మంచుని చాకుతో మాత్రం పొడవకండి. కాయిల్ అల్యూమినియం, చిల్లు పడితే గ్యాసు పోతుంది, ఫ్రిజ్ కూడా దానితోనే పోతుంది. ఇప్పటి మోడళ్లలో చాలావాటిలో ఉండేది మండే గ్యాసు కూడాను.

నా ఫ్యాన్ రెక్కని వేలితో తిప్పితే బిగుసుకుపోయి, ఇసుక పోసినట్టు గరగరలాడింది. రోగం దొరికింది.

తేలికైన పని అయిపోయింది, అసలు తిప్పలు మోటారు కొనడంలో వచ్చాయి. లోపలి గోడ మీది స్టిక్కర్ చూసి మోడల్ నంబరు రాసుకున్నాను, చివర్లో ఉన్న రెండంకెలు అనవసరమనుకుని వదిలేశాను. ఆ రెండంకెలే కీలకం. ఒకే మోడల్ పేరుతో ఏళ్ల తరబడి ఫ్రిజ్‌లు చేస్తూ లోపలి సామాన్లు మారుస్తుంటారు, ఏ విడతదో చెప్పేవి ఆ అంకెలే. వచ్చిన మోటారు చూడ్డానికి అచ్చం పాతదే, వైరు కనెక్టర్ మాత్రం పట్టలేదు. వైర్లు కత్తిరించి అతికిద్దామా అనిపించింది. మంచిదే, ఆగాను. కొన్ని మోటార్లు 12 వోల్టులవి, పాత రకాలు నేరుగా 120 వోల్టులవి. తారుమారైతే మోటారుతోపాటు కంట్రోల్ బోర్డూ కాలుతుంది. తిప్పి పంపి, పూర్తి నంబరుతో మళ్లీ తెప్పించేసరికి మూడు రోజులు. 46 డాలర్లు.

ఆ మూడు రోజుల్లో పారేసింది చెప్పుకుంటే బాధ. కోడికూర, పప్పు, పెరుగు. "మళ్లీ మరిగిస్తే సరిపోతుంది కదా బాబూ" అని అత్తయ్యగారు గిన్నె వదల్లేదు. 40 డిగ్రీలు దాటి రెండు గంటలకు మించి ఉన్న వండిన పదార్థాలు పారేయమని ఇక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది. కొన్ని బ్యాక్టీరియాలు వదిలే విషం మరిగించినా పోదు. ఆవకాయకి మాత్రం ఏ ఢోకా లేదు, అది మొదటినుంచీ బయటే ఉంది.

బిగించడానికి ఇరవై నిమిషాలు. విప్పే ముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. రెక్క ఏ వైపు తిరిగి ఉందో, వైరు ఎటునుంచి వచ్చిందో తర్వాత గుర్తుండదు. రెక్క తిరగేసి పెడితే గాలి సరిగా వీచదు. కాయిల్ అంచులు బ్లేడులా ఉంటాయి, చేతికి తొడుగు వేసుకోండి. నేను వేసుకోలేదు, చూపుడువేలు తెగింది. మోటారు చుట్టూ ఉండే రబ్బరు దిమ్మలు పాతవే తీసి కొత్తదానికి పెట్టాలి, లేకపోతే చప్పుడు చేస్తుంది.

అపార్ట్‌మెంట్లో అద్దెకుండేవాళ్లు ఇదంతా చేయొద్దు. ఫ్రిజ్ వాళ్లది, ఆఫీసులో మెయింటెనెన్స్ రిక్వెస్ట్ పెట్టండి, ఇంట్లో ఇన్సులిన్ ఉందని అందులో రాయండి. వారంటీ ఉన్నవాళ్లూ విప్పకండి. గ్యాసు పోయిందనో, కంప్రెసర్ పోయిందనో తేలితే అది మన చేతిపని కాదు. ఆ గ్యాసు లైను తెరవాలంటే ఇక్కడ పర్యావరణ సంస్థ సర్టిఫికెట్ కావాలి. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్లో చెప్పేవాళ్లు ముందు ఫ్రిజ్ రకం అడగండి. ఒంటి తలుపు డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లలో ఈ ఫ్యానే ఉండదు.

ప్లగ్ పెట్టాక వెంటనే చల్లబడదు, ఒకరోజు పడుతుంది. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ముంచి మధ్య అరలో ఉంచి పడుకున్నాం. తెల్లారి నేను లేచేసరికి అత్తయ్యగారు కళ్లద్దాలు పెట్టుకుని తలుపు తీసి నిలబడి ఉన్నారు. "38 చూపిస్తోంది బాబూ, పెన్నులు తెచ్చేసుకోవచ్చా?" అన్నారు. ముందు తలుపు వెయ్యండి అత్తయ్యగారూ, అన్నాను.