దస్తర్‌ఖాన్ మీద అన్నం వాటా ఎంత?

కిందటి సంవత్సరం ఒక శుక్రవారం. జుమా నమాజ్‌కు ఇంకా అరగంట వ్యవధి ఉంది. మసీదులో వుజూ చేసుకుంటున్న మా దుల్హేభాయ్ ఉన్నట్టుండి గోడ పట్టుకుని కూర్చుండిపోయారు. ఒళ్లంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. ఏమడిగినా పొంతన లేని జవాబు. గుండెపోటేమోనని మేమంతా కంగారుపడ్డాం. అక్కడే ఉన్న ఒక కాంపౌండరు మాత్రం 'ఈయనకు షుగర్ ఉందా? పొద్దున ఏం తిన్నారు?' అని అడిగారు. ఇంటికి ఫోన్ చేస్తే ఆపా చెప్పింది: రాత్రి రెండు కోడిగుడ్లు, పొద్దున చక్కెర లేని చాయ్, అంతే. షుగర్ మాత్ర మాత్రం రోజూ లాగే వేసుకున్నారు. మనిషికి స్పృహ ఉంది, మింగగలుగుతున్నారు కనుక ఎదురుగా ఉన్న దుకాణం నుంచి చక్కెర తెప్పించి నీళ్లలో కలిపి తాగించాం. పావుగంటలో తేరుకున్నారు. అల్‌హమ్దులిల్లాహ్, ఆ రోజు గండం అలా గడిచింది.

అసలు విషయం తర్వాత బయటపడింది. బరువు తగ్గాలని పది రోజులుగా ఆయన అన్నం, రొట్టె పూర్తిగా మానేశారు. ఎవరో చెప్పారు, ఈయన మొదలుపెట్టారు. డాక్టరుకు చెప్పలేదు. నాలుగు కిలోలు తగ్గిన సంతోషంలో ఆ అవసరమే కనిపించలేదట!

మరి ఆయన చేసింది పూర్తిగా తప్పేనా? అన్నం తగ్గించడం మంచిదా, చెడ్డదా? ఈ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. చదివాం, వైద్యుల్ని అడిగాం. చివరికి మా పళ్లెంలోనూ కొంత మార్పు చేసుకున్నాం. అలా తెలుసుకున్న నాలుగు మాటలు పాఠకుల ముందు ఉంచుతున్నాం.

నిన్నమొన్నటి పద్ధతి కాదు

పిండి పదార్థాలు తగ్గించి బరువు దించుకునే పద్ధతి కొత్తదని చాలామంది అనుకుంటారు. లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన ఉండేవాడు. అంత్యక్రియల ఏర్పాట్లు చేయడం ఆయన వృత్తి. స్థూలకాయంతో వంగి బూట్ల తాళ్లు కట్టుకోవడం కూడా కష్టమైన స్థితిలో వైద్యుని సలహాపై రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు తగ్గించి మాంసం, చేపలు తిన్నాడు. సుమారు ఏడాదిలో 20 కిలోల దాకా తగ్గాడు. 1863లో ఆ అనుభవాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయిస్తే అది విపరీతంగా చెల్లుబాటైంది. 1921లో అమెరికా వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛ వ్యాధిగ్రస్తుల కోసం పిండి పదార్థాలు దాదాపు లేని ఆహారాన్ని సూచించాడు. 'కీటో' అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. 1972లో రాబర్ట్ అట్కిన్స్ అనే వైద్యుని పుస్తకంతో ఈ పద్ధతి ఇంటింటి మాట అయింది. మన తెలుగునాట 2017, 2018 సంవత్సరాల్లో వీరమాచనేని రామకృష్ణ గారి ప్రసంగాలతో కొబ్బరినూనె, నిమ్మకాయల ముచ్చట ఊరూరా వినబడింది. అందులో మన బస్తీలూ ఉన్నాయి.

శరీరంలో ఏం జరుగుతుంది?

మనం తిన్న అన్నం, రొట్టె, చక్కెర అన్నీ కడుపులో చివరికి గ్లూకోజ్‌గా మారతాయి. రక్తంలో అది పెరగగానే ఇన్సులిన్ వస్తుంది. ఖర్చు కాగా మిగిలినదాన్ని కొంత కాలేయంలో, కండరాల్లో దాచిపెడుతుంది. ఇంకా మిగిలితే కొవ్వుగా మారుతుంది. పిండి పదార్థాలు బాగా తగ్గిస్తే ముందు దాచుకున్న ఆ నిల్వ ఖర్చవుతుంది. ఆ తర్వాత శరీరం కొవ్వును కరిగించి దాని నుంచి శక్తి తీసుకుంటుంది. మాంసకృత్తులు, కూరగాయలు ఎక్కువ తింటాం కనుక ఆకలి కూడా తొందరగా వేయదు. ఇదీ ఇందులోని కీలకం.

అయితే మొదటి వారంలో తగ్గే మూడు నాలుగు కిలోలను చూసి మోసపోకూడదు. నిల్వ ఉన్న ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చు కాగానే ఆ నీరూ పోతుంది. అంటే మొదట తూకం తగ్గించేది చాలావరకు నీరే! మళ్లీ రెండు పూటలు బిర్యానీ తింటే ఆ కిలోలు తిరిగి వస్తాయి. దుల్హేభాయ్ మురిసిపోయిన నాలుగు కిలోలు కూడా ఎక్కువ భాగం ఇవేనని డాక్టరు గారు తర్వాత చెప్పారు.

దీర్ఘకాలంలో ఏ పద్ధతి మేలు? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందిపై ఏడాదిపాటు జరిపిన పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. కొవ్వు తగ్గించి తిన్నవారు సగటున 5.3 కిలోలు, పిండి పదార్థాలు తగ్గించి తిన్నవారు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదన్నమాట. ఏ పద్ధతి అయినా దాన్ని విడవకుండా పాటించగలిగినవాడికే ఫలితం. నెలరోజుల ఆరాటం, ఆపై పాత పళ్లెం... ఇలా అయితే ఏదీ పనిచేయదు.

మన పళ్లెం లెక్క

రోజుకు 130 గ్రాముల లోపు పిండి పదార్థాలు తీసుకుంటే దాన్ని తక్కువ పిండి ఆహారం అంటారు. కీటోలో అది 20 నుంచి 50 గ్రాములకే పరిమితం. ఇప్పుడు మన లెక్క చూసుకుందాం. ఒక కప్పు వండిన అన్నంలో సుమారు 45 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. మూడు కప్పులు తిన్నామంటే అక్కడికే లెక్క 135! చాయ్‌లో చక్కెర, ఉస్మానియా బిస్కట్లు, సాయంత్రం సమోసా, రాత్రి రోటీ ఇంకా చేర్చనే లేదు. మన దేశస్థుల ఆహారంలో సుమారు 62 శాతం శక్తి పిండి పదార్థాల నుంచే వస్తున్నదని 2025లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం తెలిపింది. దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైమాటేనని 2023లో వెలువడిన లెక్క. ఈ రెండు సంగతులనూ కలిపి చదువుకోవాలి.

ఇక్కడ రెండు అపోహల గురించి చెప్పాలి. మొదటిది, అన్నం మాని కొర్రలు, జొన్నరొట్టె తింటే చాలుననుకోవడం. వాటిలో పీచు ఎక్కువ, మంచివే. కానీ వాటిలోనూ పిండి పదార్థమే అధికం. ఎంత తిన్నా ఫరవాలేదనుకుంటే పొరపాటు. మొత్తం తగ్గించకుండా బియ్యం బదులు మరో ధాన్యం తిన్నంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గలేదని ఆ 2025 అధ్యయనమే చెప్పింది. రెండవది మనవాళ్లకు బాగా నచ్చే అపోహ: 'అన్నం వద్దన్నారు కదా, ఇక గోష్త్ ఎంత తిన్నా ఫరవాలేదు!' అదే అధ్యయనంలో అన్నం వాటా కొంత తగ్గించి పప్పులు, పాలు, పెరుగు వాటా పెంచినప్పుడు మధుమేహం ముప్పు తగ్గినట్టు కనబడింది. మేకమాంసం వంటి ఎర్రమాంసంతో ఆ ప్రయోజనం కనబడలేదు. కనుక మాంసప్రియులమైన మనం పప్పును చిన్నచూపు చూడకూడదు. మన కద్దూ కా దాల్చా, పాలకూర పప్పు, చేపల పులుసు ఇవన్నీ మేలైన వంటకాలే. హలీమ్ మాంసమే కదా అనుకోకండి. అందులో గోధుమలు, పప్పులు, నెయ్యి అన్నీ ఉన్నాయి.

మాత్రలు వేసుకునేవారికి హెచ్చరిక

ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా అన్నం మానకూడదు. ఆ మందు మోతాదు నిర్ణయించింది మీరు తినే అన్నాన్ని లెక్కలోకి తీసుకునే. అన్నం ఆగి మందు ఆగకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. దుల్హేభాయ్‌కి జరిగింది అదే. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడుతూ కీటో మొదలుపెడితే మరో ప్రమాదం ఉంది. రక్తంలో ఆమ్లాలు పేరుకుంటాయి. పరీక్షలో చక్కెర మామూలుగానే కనబడుతుంది కనుక వెంటనే పసిగట్టడం కష్టం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు, ఎదిగే పిల్లలు ఈ పద్ధతి జోలికి తమంతట తాము పోకూడదు. బి.పి. మాత్రలు వేసుకునేవారూ ముందు వైద్యుని అడగాలి. కొందరిలో చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. మొదట్లో తలనొప్పి, నీరసం, మలబద్ధకం కూడా కలగవచ్చు.

చక్కెర పడిపోయిన మనిషికి స్పృహ ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట చూసి తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఖర్చు ఎవరిది? చాకిరీ ఎవరిది?

దీని గురించి ఎవరూ మాట్లాడరు. రేషన్ దుకాణంలో దొరికేది బియ్యం. బాదం, పనీర్, చేపలు దొరకవు. రిక్షా తొక్కే, సైకిలు పంక్చర్లు వేసే సోదరుడికి 'అన్నం మాని బాదం పప్పు తిను' అని చెప్పడం పరిహాసమే అవుతుంది. అయినా నిరాశ అక్కరలేదు. కోడిగుడ్డు, శనగలు, పెసలు, వేరుశనగలు, ఆకుకూరలు, మజ్జిగ ఇవి మనకు అందుబాటులోనివే.

మరో మాట. ఇంటి యజమాని డైట్ అనగానే ఇంటి ఇల్లాలికి రెండు వంటలు. ఆయనకు వేరుగా, పిల్లలకు వేరుగా. చివరికి ఆమె ఒంటరిగా కూర్చుని, అందరూ తినగా మిగిలిన అన్నం పారేయలేక తానే తింటుంది. మా ఆపా సంగతి అంతే. దుల్హేభాయ్ బరువు గురించి ఇల్లంతా మాట్లాడాం. ఆమె మోకాళ్ల నొప్పుల గురించి, ఆమె పళ్లెం గురించి ఒక్కరమూ అడగలేదు. ఈ మాట రాస్తుంటే మాకే సిగ్గనిపిస్తోంది. మనవాళ్లలో నడుం చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని వైద్యులంటారు. టేపు మగవారి నడుముకే కాదు కదా!

రంజాన్, దావత్‌లు

రంజాన్ నెలలో పగలంతా ఉపవాసం ఉండి కూడా కొందరు బరువు పెరుగుతారు. కారణం ఇఫ్తార్ దస్తర్‌ఖాన్. ఖర్జూరంతో ఉపవాసం విరమించడం సున్నత్. ఒకటో మూడో చాలు. ఆపై రంగు షర్బత్, సమోసాలు, హలీమ్, మళ్లీ రాత్రి భోజనం... ఇవన్నీ మనం కలుపుకున్నవి. వలీమాలలోనూ అంతే. బిర్యానీ మీద డబల్ కా మీఠా, దాని మీద ఖుబానీ కా మీఠా. 'ఇంకొంచెం వేసుకోండి' అనే ఆతిథ్యం మన సంప్రదాయంలోని అందమే. కాని షుగర్ ఉన్న అతిథిని బలవంతపెట్టడం మర్యాద అనిపించుకోదు.

కడుపును మూడు వంతులు చేసి ఒక వంతు ఆహారానికి, ఒక వంతు నీటికి, ఒక వంతు శ్వాసకు ఉంచాలన్న దైవప్రవక్త (స) ఉపదేశం మనందరికీ తెలిసిందే. పిల్లలకు మేము ఏళ్లతరబడి పాఠంగా చెప్పాం. నిజం చెప్పాలంటే, మా పళ్లెంలో దాన్ని ఆచరించడం మొన్నటి వరకు మొదలుపెట్టలేదు.

మా ఇంటి పద్ధతి

మేము అన్నం మానలేదు, తగ్గించాం. అంతకు ముందు మూడు గరిటెల అన్నం, ఒక గరిటె కూర. ఇప్పుడు పళ్లెంలో సగం కూరగాయలు, పావు భాగం పప్పు గాని గుడ్డు గాని చేప గాని, మిగిలిన పావు అన్నం. ముందు కూర తిని, అన్నం చివర కలుపుకుంటాం. చాయ్‌లో చక్కెర ముందు సగం, తర్వాత పూర్తిగా తీసేశాం. మొదటి వారం చేదనిపించింది, ఇప్పుడు తీపి చాయే వెగటు. ఇషా తర్వాత అరగంట నడక. ఇంటిల్లిపాదికీ ఒకే వంట, ఒకే దస్తర్‌ఖాన్. శుక్రవారం బగారా అన్నం ఉంటుంది, కాకపోతే ఒక్క గరిటె. ఎనిమిది నెలల్లో ఆరు కిలోలు తగ్గాం. గొప్ప సంఖ్య ఏమీ కాదు, కాని తిరిగి రాలేదు.

దుల్హేభాయ్ కూడా ఇప్పుడు అన్నం తగ్గించే తింటున్నారు. కాకపోతే డాక్టరు గారు ఆయన మాత్ర మోతాదు మార్చారు, నెలకోసారి పరీక్ష చేస్తున్నారు. ఆపా ఆయనతోపాటే దస్తర్‌ఖాన్ మీద కూర్చుంటోంది. ఆయన పళ్లెంలో ఏముందో ఆమె పళ్లెంలోనూ అదే.

అల్లాహ్ హలాల్ చేసిన అన్నాన్ని మనంతట మనం హరామ్ చేసుకోనక్కరలేదు. హలాల్ కదా అని హద్దు మరచిపోనూ కూడదు. ఈ శరీరం మన దగ్గరున్న అమానత్. ఈ జుమా నమాజ్ తర్వాత భోజనానికి కూర్చున్నప్పుడు ఒక్కసారి పళ్లెం వైపు చూడండి. ఒక గరిటె తగ్గించండి. ఇంట్లో షుగర్ మాత్రలు వాడే పెద్దలుంటే, అంతకన్నా ముందు వారి డాక్టరును అడగండి.