చిన్న పెట్రోలు ఇంజను మొరాయించినప్పుడు

ఎద్దు మొరాయించినచో తెలిసిన రైతు వెంటనే ములుగర్ర యెత్తడు. ముందుగా గిట్ట చూచును, కాడి క్రింద మెడ చూచును, మేత తినినదో లేదో కనుగొనును. ఇంజను మొరాయించినప్పుడు మాత్రము మనము త్రాడు పట్టి రెక్కలు పడిపోవువరకు లాగుదుము. ఇంజనునకును మేత యున్నది, ఊపిరి యున్నది, నిప్పు యున్నది. వానిని వరుసగా పరీక్షించు విధమును సంఘ సభ్యులకు విన్నవించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

పూర్వపు మెదకు జిల్లానుండి 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన మన సంగారెడ్డి జిల్లాయందు పత్తి, కంది, చెఱకు ముఖ్యమైన పైరులు. పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము కర్మాగారములకు పడుచువాండ్రు పోవుటచే కలుపు వేళకు కూలీలు దొరకుట కష్టము. పటాన్‌చెరులో 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాటు సంస్థవారు నల్లరేగడి భూములలో ఎద్దులు లాగు చక్రపు పనిముట్లను పరీక్షించిరి. నేడు అనేక గ్రామములలో ఎద్దుల జత లేదు; కలుపు తీయుటకు, మందు చల్లుటకు, నీరు తోడుటకు చిన్న పెట్రోలు ఇంజనే ఆధారము. వినోద స్థలములలో పిల్లలు త్రోలు నాలుగు చక్రముల చిన్న బండ్లను నడపునదియు ఈ జాతి ఇంజనే.

పత్తికి విత్తిన మొదటి 60 దినములు కలుపు పోరు మిక్కుటము. వాన వెలిసి నేల అదనుకు వచ్చిన రెండు మూడు దినములలో యంత్రము కదలకున్నచో, మరల వాన కురియును, గడ్డి పైరును మించును. మెకానిక్కు కొఱకు పట్నమునకు పోయి వచ్చులోపల అదను దాటును. కావున మొదటి పరీక్ష చేనిగట్టుననే జరుగవలెను.

చేయి వేయుటకు ముందు యంత్రమును చదునైన నేలపై, ఆరుబయట నిలుపుడు. మూసిన కొట్టములో ఇంజను నడిపినచో దాని పొగ ప్రాణాపాయకరము. చుట్ట, బీడీ దూరముగా నుండవలెను. వేడి చల్లారిన పిదపనే పెట్రోలు పోయవలెను.

మొదట కంటికి కనబడు వానిని చూడుడు. మీట తెఱచియున్నదా? పెట్రోలు కుళాయి విప్పితిరా? చల్లని ఇంజనునకు చోకు మూసితిరా? నాలుగు స్ట్రోకుల ఇంజనులు కొన్నింటిలో నూనె తగ్గినచో నిప్పును ఆపివేయు ఏర్పాటు కలదు. యంత్రము వాలుగా నిలిచినను అది నూనె తక్కువైనట్లే తలచి నిప్పు నిలుపును. ఇట్టి చిన్న సంగతికే పూట పాడగుట కలదు.

ఇవి సరిగా నున్నచో త్రాడు నాలుగైదు మారులు లాగి, స్పార్కు ప్లగ్గును విప్పి దాని కొనను చూడుడు. సగము రోగము అదియే చెప్పును. కొన పొడిగా నున్నచో పెట్రోలు లోనికి చేరుట లేదు. తడిగా నున్నచో పెట్రోలు చేరినది గాని నిప్పు లేదు, లేదా పెట్రోలు మితిమీరి ఇంజను మునిగినది.

కొన పొడిగా నున్నవారు మేతను విచారింపవలెను. తొట్టెలో పెట్రోలు ఎన్నాళ్ళ నాటిది? 2025 నాటికి మన దేశమందు పెట్రోలులో నూటికి 20 పాళ్ళవరకు ఎథనాలు కలిపి అమ్ముచున్నారు. ఎథనాలు గాలిలోని తేమను పీల్చును. చాల దినములు నిలువయుండి తేమ మిక్కుటమైనచో నీరును ఎథనాలును కలిసి అడుగున చేరును. ఇంజను అడుగునుండియే త్రాగును. నెల దాటిన పెట్రోలును తీసివేసి క్రొత్తది పోయుట మేలు. కార్బ్యురేటరునకు క్రింద గిన్నె యున్నచో దాని మరను వదలు చేసి, అడుగు నీటిని, మడ్డిని ఒక పాత్రలోనికి దింపుడు. జెట్టు మూసుకొనినచో గాలి ఊది శుభ్రము చేయవలెనే గాని ఇనుప సూదితో పొడువరాదు. రంధ్రము పెద్దదైనచో ఇంజను అమితముగా త్రాగును. రబ్బరు బుడ్డగల యంత్రములలో పెట్రోలు కనబడువరకు దానిని నొక్కవలెను.

కొన తడిగా నున్నచో ప్లగ్గును తుడిచి ఆరబెట్టుడు. మీట, కుళాయి మూసి, చోకు తెఱచి, ప్లగ్గు లేకయే త్రాడు కొన్ని మారులు లాగినచో అధికపు పెట్రోలు వెలికి వచ్చును. పిదప నిప్పు చూడవలెను. ప్లగ్గు రంధ్రమును గుడ్డతో మూసి, ఒలికిన పెట్రోలు తుడిచి, మీట తెఱచి, ప్లగ్గును టోపీలో నుంచి దాని లోహమును రంధ్రమునకు దూరముగా ఇంజను ఒడలికి ఆనించి త్రాడు లాగుడు. టోపీని రబ్బరు భాగముననే పట్టవలెను. నీలివర్ణపు గట్టి నిప్పు కనబడినచో మేలు. లేనిచో క్రొత్త ప్లగ్గు వేసి చూడుడు. కొనల నడిమి యెడము సామాన్యముగా 0.6 మొదలు 0.8 మిల్లీమీటర్లు, సరియైన కొలత యంత్రముతో నిచ్చిన పుస్తకములో నుండును.

ఊపిరి సంగతి మఱవరాదు. పత్తి చేని దుమ్ము గాలిజల్లెడను మూసివేయును. నురుగు జల్లెడయైనచో సబ్బునీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టవలెను. కాగితపుదైనచో తట్టి దులుపవలెను, తడుపరాదు.

రెండు స్ట్రోకుల ఇంజనునకు పెట్రోలులోనే నూనె కలుపవలెను. 50కి 1 పాలు అనినచో లీటరునకు 20 మిల్లీలీటర్లు; 25కి 1 పాలు అనినచో 40 మిల్లీలీటర్లు. అంచనాతో పోయువాడు తక్కువైనచో పిస్టనును, ఎక్కువైనచో ప్లగ్గును చెఱచుకొనును.

ఇన్నియు చూచినను కదలక, త్రాడు లాగినప్పుడు చేతికి బిగువు తగులకున్నచో లోపల వాల్వులో రింగులో చెడినవని తెలిసికొని మెకానిక్కునకు అప్పగింపుడు. మీరు ఏమేమి చూచితిరో చెప్పినచో అతని పనియు తగ్గును, మీ ఖర్చును తగ్గును.

పదిమంది వాడు సంఘపు యంత్రమునకు ఒక చిట్టా పుస్తకము, ఒక క్రొత్త ప్లగ్గు, ఒక ప్లగ్గు పానా, ఒక కొలత గ్లాసు ఎల్లప్పుడు తోడుగా నుండవలెను. పెట్రోలు పోసిన దినమును, నూనె మార్చిన దినమును వ్రాయుడు. పని కాలము ముగిసినంతనే తొట్టె ఖాళీ చేసి, కార్బ్యురేటరులోనిది ముగిసి ఇంజను తనంతట ఆగువరకు నడిపి దాచుడు. ఈ పని చేసిన సంఘమున వచ్చు తొలకరికి యంత్రము మొదటి లాగునకే పలుకుననుట అతిశయోక్తి కావచ్చును. పదవ లాగుతో రెక్క విఱుగదని మాత్రము మేము నిశ్చయముగా చెప్పగలము.